వానకో అంగీ, ఎండకో అంగీ

పరుగెత్తడానికి వేరే బట్టలుంటాయని నాకు రిటైరయ్యాక తెలిసింది. అంతకుముందు నాకు తెలిసిన పరుగులు రెండే. ఎద్దు పలుపు తెంచుకుంటే దాని వెనక ఉరికేది ఒకటి, రైలు పట్టాల మీద ఉరికేది ఇంకొకటి. ఆ రెండింటికీ అద్దం ముందు నిలబడే తీరిక ఉండదు. ఒంటి మీద ఏముంటే దాంతోనే ఉరకాలి.

ఇప్పుడట్లా కాదు. మా మనవడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. ఏటా ఆగస్టు ఆఖర్లో వచ్చే హైదరాబాద్ మారథాన్‌కి వానాకాలం మొదలైనప్పటి నుంచే తయారవుతాడు. మొదట తయారయ్యేది కాళ్లు కాదు, బీరువా. పండక్కని డోర్నకల్ వచ్చి, కొన్న సరుకంతా మంచం మీద పరిచాడు. చేతులున్న డ్రై ఫిట్ అంగీ, చేతుల్లేని డ్రై ఫిట్ అంగీ. పిక్కలకు బిగుతు మేజోళ్లు. నెత్తి మీద కప్పే లేని, నుదుటి ముందు రెక్క మాత్రమే ఉన్న టోపీ. పిడికిట్లో పట్టే వాన కోటు. వీటన్నిటి పక్కన రెండు నల్లటి గొట్టాలు. అవేమిట్రా అంటే చేతులకు తొడుక్కునేవట.

"చేతుల్లేని అంగీ కొనుక్కొని, చేతులు వేరే కొనుడేందిరా? మన దర్జీనడిగితే కలిపే కుడతడు గదా" అన్నాను.

"అట్ల కాదు తాతా. పొద్దున చలిగుంటే తొడుక్కుంట, ఉక్కపోస్తే గుంజి జేబుల పెట్టుకుంట" అన్నాడు.

ఒప్పుకోను గానీ, ఆ ఒక్క మాటలో కొంచెం పస ఉంది.

వాళ్ల కష్టం నాకు తెలియనిది కాదు. పరుగు నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజా దగ్గర తెల్లారకముందే మొదలవుతుంది, గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. మధ్యలో 42 కిలోమీటర్ల 195 మీటర్లు. చీకట్లో హుస్సేన్‌సాగర్ మీది నుంచి చెమ్మగాలి. ఫ్లైఓవర్ ఎక్కేసరికి తుంపర. దుర్గం చెరువు మీది తీగల వంతెన దగ్గర గాలి ముఖాన కొడుతుంది. గచ్చిబౌలి చేరేలోపు మబ్బు విచ్చి ఎండ నెత్తికెక్కుతుంది. నాలుగైదు గంటల్లో మూడు కాలాలు. ఇంగ్లీషు క్యాలెండరు వాళ్లు దీన్ని శరత్తుకు ముందు మాసం అంటారేమో, మనకది మఖ కార్తె. అది దాటితే పుబ్బ, ఆ వెనక ఉత్తర. "ఉత్తర చూసి ఎత్తర గంప" అని మన రైతు ఊరికే అనలేదు. ఆ కార్తెల్లో ఆకాశాన్ని నమ్మి ఎవడూ బయల్దేరడు, ఆకాశాన్ని చూసి బయల్దేరతాడు.

మావాడు చూసేది ఫోను. అందులో "వాన 40 శాతం" అని వస్తుంది. నలభై శాతం వానకు ఎంత అంగీ తొడుక్కోవాలె? నలభై శాతమేనా? నేనడిగితే నవ్వుతాడు. మాకు శాతాలు లేవు. ఇల్లందు దిక్కున రాత్రంతా మెరిస్తే తెల్లారేలోపు వానొచ్చేది. తూనీగలు నేలకు ఆనుకొని తిరిగితే వానొచ్చేది. ఒక్కోసారి ఏదీ లేకున్నా వచ్చేది. అందుకే ఏమున్నా లేకున్నా గొంగడి భుజాన ఉండేది.

నేను పట్టాల మీద పనిచేసిన మనిషిని. మొదట గ్యాంగ్‌మ్యాన్, తర్వాత కీమ్యాన్. కాజీపేట నుంచి విజయవాడ పోయే లైనులో, కొత్తగూడెం బొగ్గు లైను చీలే జంక్షను మాది. ఆ చీలిక లేకపోతే డోర్నకల్‌కి ఇంత పేరు రాదు. వానాకాలం వస్తే మాకు రాత్రి పాట్రోలింగ్ పడేది. ఒక్కడే మనిషి, చేతిలో మూడు రంగుల దీపం, కర్ర, ఈల, సంచిలో ఎర్రజెండా, పట్టాల మీద పెట్టే పటాకులు. తన హద్దు చివరిదాకా నడవాలి, అవతలి హద్దు మనిషిని కలవాలి, పుస్తకం మార్చుకోవాలి, వెనక్కి రావాలి. రాత్రంతా కలిపితే ఇరవై కిలోమీటర్ల దాకా పడేది. మావాడి సగం మారథాన్‌కి దగ్గర. అది కూడా తారు రోడ్డు మీద కాదు, కంకర మీద, స్లీపర్ల మీద. స్లీపరుకి స్లీపరుకి మధ్య దూరం ఏ మనిషి అడుగుకూ సరిపోదు. ఒకటి తొక్కితే పొట్టి అడుగు, రెండు దాటితే పొడుగు అడుగు.

మాకూ మెడలో నంబరు బిళ్ల ఉండేది. ఇప్పటివాళ్ల ఛాతీ మీద ఉండే బిబ్ నంబరు చూస్తే నాకదే గుర్తొస్తుంది. తేడా ఒకటే, మాది ఎవరూ ఫొటో తీయలేదు. ఇప్పుడేమో దారి పొడవునా కెమెరాలు. జాకెట్టు వేసుకుంటే నంబరు కప్పుకుపోతుంది. నంబరు కనిపించకపోతే ఆ ఫొటో ఎవరిదో కంప్యూటరుకి తెలియదట. అందుకని కెమెరా మనిషి కనిపించగానే వానలోనే జాకెట్టు విప్పి నడుముకు కట్టుకుంటున్నారు. వాన ఉన్నా ఫొటో కావాలి. వాతావరణానికి తగ్గట్టు బట్టలు వేసుకోవడమంటే ఇదా?

సరే, మా బట్టలు చెప్తాను. లోపల నూలు బనీను, కింద ఖాకీ లాగు, నెత్తికి తువ్వాల, భుజాన గొంగడి. అంతే. వాన మొదలైతే గొంగడిని ఒక కొసన మడిచి నెత్తిన కొప్పెర పెట్టుకుంటే మోకాళ్ల దాకా కప్పుకునేది. వాన ఆగితే మడత విప్పి భుజాన వేసుకునేది. గాలి ఎడమ నుంచి కొడితే ఎడమ వైపు జార్చుకునేది. స్టేషన్‌లో గంటసేపు ఆగాల్సి వస్తే కింద పరుచుకునేది, చలేస్తే పైన కప్పుకునేది. ఇంటికొచ్చాక పిల్లలు దాని మీదే పడుకునేవాళ్లు. ఇప్పుడీ పనులన్నిటికీ ఒక్కోదానికి ఒక్కో సరుకు. వాటికి మళ్లీ ఒక సంచి, ఆ సంచికి ఒక గొలుసు.

గొంగడి అంటే ఏదో దుప్పటి అనుకునేవాళ్లకు ఒక మాట. మా దిక్కు నల్ల గొర్రెల ఉన్నితో కురుమలు నేసిన గొంగడికి చింతగింజల గంజి పెట్టేవాళ్లు. దాంతో నేత బిర్రుగా ఉండి, చిన్న వాన పైపైన జారిపోయేది. పెద్ద వానకు తడిసేది, తడిస్తే బరువెక్కేది, ఆ వాసన గురించి మా ఇంటావిడను అడగాలి. కానీ ఉన్ని తడిసినా ఒంటి వేడిని పోనివ్వదు. నూలుకు ఆ గుణం లేదు. ఇప్పుడు ఆ నల్ల గొర్రెలే తక్కువయ్యాయి, మాంసానికి పనికొచ్చే ఎర్ర గొర్రెలు వచ్చాయి. కత్తిరించిన ఉన్నిని కొనేవాళ్లు లేక చెట్ల కింద పారేసి పోతున్నారు. మా మనవడేమో "మెరినో ఉల్ బేస్ లేయర్" అని ఫోన్‌లో చూపించి, ఇది తడిసినా వెచ్చగా ఉంటుంది తాతా, ఆస్ట్రేలియా గొర్రెది అంటాడు. ధర చూసి నేను ఫోను తిరిగిచ్చేశాను.

గొంగడి లేనివాళ్లకు యూరియా సంచి. ఒక మూలను ఇంకో మూలలోకి దోపితే కొప్పెర తయారు. మిరప తోటల్లో, పత్తి చేలల్లో, తండాల నుంచి కూలికి పోయేవాళ్లంతా ఇప్పటికీ అదే. పైసా ఖర్చు లేదు, నీళ్లు దిగవు. పెద్ద పెద్ద దేశాల్లో పరుగు మొదలయ్యేముందు జనం చెత్త సంచులకు తలకొక బొక్క, చేతులకు రెండు బొక్కలు చేసి తొడుక్కుంటారని మావాడు ఫొటోలు చూపించాడు. చూడరా, వాళ్లూ సంచీకే వచ్చారు అన్నాను.

పాతవన్నీ బంగారమని అనడం నాకు చేతకాదు. వాటర్‌ప్రూఫ్ కోటు ఉండేది, ఆ కాలపు కోటు ఏదైనా ఒకటే. బయటి వాన లోపలికి రాదు, లోపలి చెమట బయటికి పోదు. మైలు నడిచేసరికి కోటు లోపలే వాన. మఖ కార్తె ఉక్కలో అది వేసుకొని నడిచినవాడికి తెలుస్తుంది. చాలామంది దాన్ని చుట్టచుట్టి సంచిలో పెట్టుకొని గొంగడితోనే తిరిగేవాళ్లు. ఇప్పటి వాన జాకెట్టుకీ అదే రోగం. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో చెమ్మ తొంబై శాతం చేరినప్పుడు అది ఆరదు, ఊరికే కారుతుంది. అట్లాంటి పొద్దున ఒంటికి ప్లాస్టిక్ చుట్టుకొని పరుగెత్తేవాడు వానకు తడవలేదని సంతోషించాలి, చెమటకు తడిశానని ఏడవాలి.

నూలు బనీను సంగతీ అంతే. తడిస్తే నీళ్లు తాగి ఒంటికి అతుక్కుంటుంది, ఇక వదలదు. తొడలు, చంకలు ఒరుసుకుపోయి, తెల్లారి కాళ్లు ఎడం చేసి నడిచేవాళ్లం. ఆముదం రాసుకుంటే కొంత మేలు. ఇప్పుడు వాజలీన్ రాస్తున్నారు, మగపిల్లలు రొమ్ము మొనలకు ప్లాస్టర్ ముక్కలు అంటించుకుంటున్నారు. మొదటిసారి అది చూసి నవ్వొచ్చింది. పోయినేడాది మావాడు అంటించుకోవడం మరిచిపోయి, తెల్ల అంగీ మీద రెండు నెత్తుటి చారలతో ఇంటికొచ్చాడు. అప్పుడు నవ్వలేదు. ఆ పాలియెస్టర్ అంగీ నీళ్లను పట్టుకోకుండా బయటికి తోసేస్తుందన్నది నిజమే. దండెం మీద వేస్తే మా తువ్వాల ఇంకా కారుతుండగానే అది ఆరిపోయింది. దాని కంపు మాత్రం రెండు ఉతుకులకూ పోలేదు. గొంగడిని అన్నవాళ్లు దీన్నెందుకు అనరో!

ఇంకో మాట కూడా ఒప్పుకుంటా. బయట ఎంత వేడుందో దానికి ఇంకో పది డిగ్రీలు కలుపుకొని, ఆ లెక్కకు బట్టలు వేసుకోవాలని వీళ్ల కోచ్‌లు చెప్తారట. బయల్దేరేటప్పుడు కొంచెం వణకాలి, మైలు దాటాక సరిపోతుంది. మా గ్యాంగు మేటు ఇదే చెప్పేవాడు, డిగ్రీల్లేకుండా. ఇంటి దగ్గరే వెచ్చగా ఉన్నోడు దారిలో మోస్తాడు అనేవాడు. కొత్తగా చేరినవాడు స్వెటరు మీద కోటు, కోటు మీద గొంగడి వేసుకొస్తే, అన్నీ విప్పించి ఒక్కటి మిగిల్చి పంపేవాడు.

పాట్రోలింగంటే నడకే గదా, పరుగెక్కడిది అని మావాడు ఒకసారి ఎదురడిగాడు. కట్ట కోసుకుపోయి పట్టాలు గాల్లో వేలాడుతుంటే నడుస్తావా? దీపం ఎర్ర చేసుకొని, రైలొచ్చే దిక్కుకు ఉరకాలి. 600 మీటర్ల దగ్గర పట్టా మీద ఒక పటాకు. 1200 మీటర్ల దగ్గర మూడు, పదేసి మీటర్ల ఎడంతో. చక్రం ఎక్కితే అవి పేలతాయి, డ్రైవరు బండి ఆపుతాడు. రెండో దిక్కు నుంచి కూడా బండి వచ్చేదుంటే మళ్లీ ఇటు ఉరకాలి. 1200 మీటర్లు అంటే మారథాన్ వాళ్లకు ఒళ్లు వెచ్చబడే దూరం కూడా కాదు. చీకట్లో, వానలో, కంకర మీద, అవతల బండి వస్తుందని తెలిసి ఉరికితే తెలుస్తుంది. అప్పుడు గొంగడిని అక్కడికక్కడ కట్ట మీద వదిలేసేవాళ్లం. తడిసిన గొంగడితో ఎవడూ ఉరకలేడు.

వర్షాలకు కట్టలు కొట్టుకుపోవడం పాత ముచ్చట అనుకోవద్దు. 2024లో హైదరాబాద్ మారథాన్ ఆగస్టు 25న జరిగింది. సరిగ్గా వారానికి, సెప్టెంబరు 1న, ఇదే మానుకోట జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె మధ్య కట్ట కొట్టుకుపోయి పట్టాలు నీళ్ల మీద వేలాడాయి. ఆకేరు, మున్నేరు ఊళ్ల మీద పడ్డాయి. వారం ముందు జాకెట్టు వేసుకోవాలా వద్దా అని బుర్రలు బద్దలు కొట్టుకున్న ఆకాశమే అది.

బట్టల విషయంలో బయటి దేశాల చరిత్ర కూడా మావాడే చెప్పాడు. చెప్పింది వాడైనా, అందులో నాకు పనికొచ్చేవే నేను గుర్తుపెట్టుకున్నాను. 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ ఒలింపిక్స్. ఆగస్టు 30న, మండే ఎండలో, దుమ్ము రోడ్ల మీద మారథాన్ పెట్టారు. 32 మంది మొదలుపెడితే 14 మంది ముగించారు. క్యూబా నుంచి వచ్చిన ఫెలిక్స్ కార్వహాల్ అనే పోస్ట్‌మ్యాన్ పొడుగు ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా, మామూలు నడక బూట్లతో వచ్చి నిలబడ్డాడు. పక్కనున్న ఆటగాడు కత్తెర తెచ్చి ప్యాంటును మోకాళ్ల దగ్గర కత్తిరించాడు. ఆ మనిషి నాలుగో స్థానంలో వచ్చాడు. ఉత్తరాలు పంచే కాళ్లు! మన దేశంలో శివ్‌నాథ్ సింగ్ ఉన్నాడు, బిహార్ మనిషి, సైన్యంలో పనిచేసినవాడు. ఉత్త కాళ్లతో ఉరికేవాడు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో పదకొండో స్థానం. 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాల్లో మారథాన్ ముగించాడు. ఆ రికార్డు దగ్గరికి రాలేక దశాబ్దాలు గడిచాయి. ఎన్ని బూట్లు మారాయో, ఎన్ని అంగీలు మారాయో.

వీటన్నిటికంటె నన్ను పట్టుకున్నది చైనా ముచ్చట. 2021 మే 22న గాన్సు రాష్ట్రంలో కొండల మీద వంద కిలోమీటర్ల పరుగు. చాలామంది లాగులు, పల్చటి అంగీలతో బయల్దేరారు. జాకెట్టు వెంట ఉండి తీరాలన్న నియమం లేదు. కొండ ఎక్కాక వడగండ్లు, గడ్డకట్టే వాన, నిలబడనివ్వని గాలి. 21 మంది చలికి చచ్చిపోయారు. అందులో దేశంలో పేరున్న పరుగు వీరులు ఉన్నారు. కొందరిని బతికించింది ఎవరనుకున్నారు? జూ కెమింగ్ అనే గొర్రెల కాపరి. వాన తప్పించుకోవడానికి ఒక గుహలో ఉన్నాడు, అక్కడ ఎప్పుడూ కొన్ని బట్టలు, తిండి దాచుకునే అలవాటు ఉంది. ఆరుగురిని లోపలికి తెచ్చి, మంట వేసి, బొంతలు కప్పాడు. పల్చటి అంగీలతో కొండెక్కిన వాళ్లను, ఏటా అదే కొండ మీద బొంత దాచిపెట్టుకునేవాడు కాపాడాడు. మా కురుమోళ్ల ముందు ఈ ముచ్చట చెప్తే ఎవరూ ఆశ్చర్యపోలేదు. గొర్రెల మంద వెంట గొంగడి లేకుండా ఎవడు పోతాడు అన్నారు.

హైదరాబాదులో చలికి ఎవరూ చావరు, అది నాకూ తెలుసు. నా గొణుగుడు అది కాదు. వానలో ఆగని పని ఉన్నవాడికి బట్టలు ఎప్పుడు వేసుకోవాలో, ఎప్పుడు విప్పాలో ఒళ్లే చెప్పేది. కాపరి, పోస్ట్‌మ్యాన్, పాట్రోల్ మనిషి, నాట్లేసే ఆడోళ్లు, వీళ్లెవరికీ "రేపు ఏమేసుకోవాలి" అన్న బెంగ ఉండేది కాదు. ఇప్పుడు పని అంతా ఏసీలో, వాన అంతా కిటికీ అవతల. ఏడాదికి ఒక్క పొద్దు వానలోకి పోవాలంటే దుకాణం మోయాల్సి వస్తుంది. మావాణ్ని నేను అడిగిందల్లా ఒక్కటే. ఎండలో, వానలో, ఉక్కలో అదే అంగీతో నెల రోజులు ఉరికి చూడు, ఏది ఒరుసుకుంటుందో, ఏది బరువెక్కుతుందో నీకే తెలుస్తది, పరుగు నాడు కొత్తది తీయకు. ఇదే మాట వాడి కోచ్ కూడా చెప్పాడట. కోచ్ చెప్పాక విన్నాడు.

ఇక మా కూతురి బిడ్డ. అది షికాగో పక్కన నేపర్విల్‌లో ఉంటుంది, అక్టోబరులో అక్కడి మారథాన్‌కి పేరిచ్చింది. అక్కడి అక్టోబరు మన మఖ కార్తెకు అక్క. 2007 అక్టోబరు 7న అక్కడ ముప్పై డిగ్రీలు దాటిన ఎండ కాసి, జనం పడిపోతుంటే పరుగు మధ్యలోనే ఆపేశారు. 2023 అక్టోబరు 8న అదే ఊళ్లో, చల్లటి పొద్దున, కెన్యా పిల్లగాడు కెల్విన్ కిప్టమ్ 2 గంటల 35 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు కొట్టాడు. ఇంకేముంది, పిల్లకు బెంగ. ఫోన్ చేసి, "తాతయ్యా, చలికి ఏదో ఒకటి వేసుకొని పోయి, మొదలయ్యాక పారేస్తా" అంది.

పారేసుడేంది?

అక్కడ అందరూ అంతేనట. పరుగు మొదలయ్యేదాకా వెచ్చగా ఉండడానికి పాత స్వెటరు వేసుకొని, ఒళ్లు వేడెక్కగానే రోడ్డు పక్కన విసిరేసి పోతారట. వేలమంది. నాకు ఒళ్లు మండింది. కట్టుబట్ట రోడ్డు మీద పారేస్తారా అని గట్టిగానే అరిచాను. అది తొణకలేదు. "నువ్వు కూడా గొంగడి కట్ట మీద వదిలేసి ఉరికేవాడివి గదా" అంది. మాట నేర్చిన పిల్ల. నేను వెనక్కొచ్చి తీసుకున్ననే అన్నాను. "మేము వదిలినవి ఎవరో ఏరి, ఉతికి, లేనివాళ్లకు ఇస్తారు తాతయ్యా" అంది. అప్పుడు కొంచెం చల్లబడ్డాను.

మరి నీ దగ్గర పాత స్వెటరు ఉందా అని అడిగాను. లేదట. ఉన్నవన్నీ మంచివేనట. అందుకని పాత బట్టలు అమ్మే ధర్మ దుకాణానికి పోయి, పారేయడానికి ఒక స్వెటరు కొనుక్కొచ్చుకుందట. పారేశాక దాన్ని ఏరుకుపోయేది ఎవరని అడిగితే, అట్లాంటి దుకాణం వాళ్లే అంది. అంటే వచ్చే ఏడు అదే స్వెటరును ఇంకో పిల్ల మళ్లీ పారేయడానికి కొనుక్కుంటుంది. ఫోను పెట్టేసి, ఇది మా ఇంటావిడకు అర్థమయ్యేటట్టు చెప్పడానికి నాకు పొద్దుగూకింది.